చలిని నిందించకండి

ధనుర్మాసపు ఉదయం. వెల్దుర్తి చేలో మిరపకోత కూలీలు ఎదురుచూస్తుండగా నా మోటారుసైకిలు మళ్ళీ మూగనోము పట్టింది. పక్షం రోజుల్లో ఇది నాలుగోసారి.

"చలికి బ్యాటరీ దిగిందండీ, రెగ్యులేటరు మార్చాలి" అన్నాడు మెకానిక్కు. నేనొప్పుకోను. చలికి రసాయనిక చర్య మందగించడం నిజమే. కానీ పల్నాటి చలెంత? ఇదేమన్నా లడఖా?

మీటరు పెట్టి చూశాను. బండి నడుస్తుండగా 14.1 వోల్టులు, అంటే ఛార్జింగు సవ్యమే, రెగ్యులేటరు నిర్దోషి. ఇంజను ఆపిన కొన్ని గంటలకు 12.6. మైనస్ తీగ ఊడదీసి ఉంచినా తెల్లవారేసరికి 12.1! కనుక వైరింగులో దొంగ లేడు, జబ్బు బ్యాటరీ కడుపులోనే.

ఆ జబ్బు తెచ్చినది, నా అభిప్రాయంలో, మూడేళ్ళ వేసవి. రెంటచింతల ఎండలు మనకు పొరుగువే కదా! రేకులపాకలో ఆ వేడికి నీరావిరై, సీసపు పలకలు క్షీణించాయి. చలి ఆ సంగతి బయటపెట్టిందంతే.

బ్యాటరీ మార్చాను. బండి మకాం ఇక వేపచెట్టు కిందికి.