తెప్పని నెత్తిన మోసిన రాజు

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు మనకు కొత్తకాదు. కానీ దాటించిన తెప్పని దించకుండా జీవితాంతం నెత్తిన మోసి, ఆ బరువుకే కుంగిపోయినవాళ్లు మాత్రం అరుదు. ఎల్విస్ ప్రెస్లీ అలాంటివాడే.

'రాకన్‌రోల్ రాజు' అని ప్రపంచం పట్టం కట్టిన గాయకుడతను. అతని రికార్డులు దేశదేశాల్లో కోట్లలో అమ్ముడుపోయాయి. లండన్ రమ్మంది, టోక్యో రమ్మంది. అడిగినంత ఇస్తామన్నారు. అయినా అమెరికా, కెనడాలు దాటి అతను ఒక్కటంటే ఒక్క టికెట్టు కచేరీ కూడా చెయ్యలేదు! కెనడాలో చేసినవి కూడా 1957లో, మూడంటే మూడు ఊళ్లలో.

ఎందుకలా? ఆ సమాధానం ఎల్విస్ దగ్గర లేదు. అతని మేనేజర్ దగ్గర ఉంది.

కల్నల్ కాని కల్నల్

ఆ మేనేజర్ పేరు కల్నల్ టామ్ పార్కర్. నిజానికి అతను కల్నల్ కాదు. లూసియానా గవర్నర్ 1948లో ఇచ్చిన గౌరవ బిరుదది. అప్పట్నుంచీ అందరితోనూ 'కల్నల్' అనే పిలిపించుకున్నాడు. అసలు ఆ పేరూ అతనిది కాదు. 1909లో నెదర్లాండ్స్‌లోని బ్రెడా అనే ఊళ్లో పుట్టిన ఆండ్రియాస్ వాన్ కైక్ అతను. ఇరవై ఏళ్లకు అటూఇటూగా, కాగితాల్లేకుండా అమెరికాలో దిగాడు. పేరు మార్చుకున్నాడు. ఊరూరా తిరిగే సంతల్లో, తిరునాళ్లలాంటి కార్నివాల్స్‌లో పనిచేశాడు. వేడి పెనం మీద గడ్డి పరిచి, దానిమీద కోళ్లను నిలబెట్టి 'డ్యాన్స్ చేసే కోళ్లు' అంటూ టికెట్లమ్మాడని అతని గురించి ఓ కథ ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకూ నిజమోగానీ, జనం జేబులో డబ్బు బయటికి ఎలా వస్తుందో అతనికి బాగా తెలుసన్నది మాత్రం నిజం.

1955లో ఆ కళ్లు ఓ ఇరవయ్యేళ్ల కుర్రాడి మీద పడ్డాయి. మిసిసిపీలోని టుపెలోలో రెండు గదుల ఇంట్లో పుట్టినవాడు. మెంఫిస్‌లో ట్రక్కు నడిపినవాడు. సన్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీలో పాడి, దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్నవాడు. కుర్రాడు ఇంకా మైనరు కాబట్టి కాగితాల మీద తండ్రి వెర్నన్ కూడా సంతకం చేశాడు. తల్లి గ్లాడిస్‌కి మాత్రం ఆ పెద్దమనిషి మీద మొదట్నుంచీ గురి లేదు. కానీ ఆమె మాట నెగ్గలేదు. 1958లో ఆమె చనిపోయింది.

అనుకున్నట్టే పార్కర్ అద్భుతాలు చేశాడు. 1955 నవంబరులో ఆర్‌సీఏ కంపెనీ ఎల్విస్ కాంట్రాక్టును 35 వేల డాలర్లకు కొనేలా చేశాడు. ఓ కొత్త గాయకుడికి ఆరోజుల్లో అది కళ్లు తిరిగే మొత్తం. ఏడాది తిరక్కుండానే టీవీ, హాలీవుడ్, దేశమంతా ఎల్విస్ పేరే. బొమ్మల దగ్గర్నుంచి లిప్‌స్టిక్ దాకా అన్నిటిమీదా అతని పేరు వేసి అమ్మారు. ఎల్విస్ అంటే గిట్టనివాళ్లని కూడా వదల్లేదు పార్కర్. 'ఐ హేట్ ఎల్విస్' అన్న బ్యాడ్జీలు తయారుచేయించి వాళ్లకీ అమ్మాడు!

ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న కుటుంబం గ్రేస్‌లాండ్ అనే భవంతిలోకి మారింది. ఆ ఇంటి గడప తొక్కించినవాడి మీద ఎల్విస్‌కి ఎంత కృతజ్ఞత ఉండాలి? ఉంది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

పాతిక నుంచి సగానికి

మొదట్లో పార్కర్ వాటా పాతిక శాతం. మిగతా మేనేజర్లు పది, పదిహేను శాతంతో సరిపెట్టుకునే రోజులవి. 1967లో ఆ పాతిక కాస్తా చాలా వ్యవహారాల్లో సగానికి సగమైంది. పాడేది ఒకరు, పంచుకునేది ఇద్దరు.

డబ్బు సంగతి అలా ఉంచినా, పాటకు జరిగిన నష్టం ఇంకా పెద్దది. ఎల్విస్‌కి మంచి నటుడు అనిపించుకోవాలని ఆశ. పార్కర్‌కేమో త్వరగా తీసి, త్వరగా అమ్మే సినిమాలు కావాలి. ఏడాదికి మూడేసి చొప్పున చుట్టేశారు. మొత్తం 31 సినిమాల్లో నటిస్తే గుర్తుండేవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 1970ల మధ్యలో 'ఎ స్టార్ ఈజ్ బార్న్'లో నటించమని బార్‌బ్రా స్ట్రైశాండ్ స్వయంగా వచ్చి అడిగింది. ఎల్విస్ ఎగిరి గంతేశాడు. బేరాల దగ్గర వ్యవహారం చెడింది. ఆ పాత్ర క్రిస్ క్రిస్టోఫర్సన్‌కి వెళ్లిపోయింది.

పాటల విషయంలోనూ అదే వరస. ఎల్విస్ పాడాలంటే రాసినవాళ్లు ప్రచురణ హక్కుల్లో వాటా వదులుకోవాలి. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాటను ఎల్విస్ ఎంతో ఇష్టపడ్డాడు. రికార్డింగ్‌కి సిద్ధమయ్యాడు. సగం హక్కులు ఇమ్మని పార్కర్ కబురు పెట్టేసరికి డాలీ పార్టన్ ఏడుస్తూనే కుదరదంది. ఎల్విస్ గొంతులో ఆ పాట రానేలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడాక అది ఎంత మోగిపోయిందో అందరికీ తెలిసిందే.

ఎదురుతిరిగినప్పుడు...

ఎల్విస్ ఎప్పుడూ ఎదురు చెప్పలేదా అంటే చెప్పాడు. 1968లో ఓ టీవీ కార్యక్రమంలో క్రిస్మస్ పాటలు పాడించి మమ అనిపించాలని పార్కర్ ఆలోచన. దర్శకుడు స్టీవ్ బైండర్ కాదన్నాడు. ఎల్విస్ అతనివైపు నిలబడ్డాడు. నల్లటి తోలు దుస్తుల్లో వచ్చి, పాత రోజుల్లోలా పాడాడు. పనైపోయిందనుకున్న గాయకుడు ఒక్క రాత్రిలో మళ్లీ రాజయ్యాడు. మేనేజర్ మాట వినకుండా చేసిన కార్యక్రమమే అతని జీవితంలో గొప్పవాటిలో ఒకటైంది!

కానీ ఆ తెగింపు నిలవలేదు. 1969 నుంచి లాస్ వేగస్‌లో ఒకే హోటల్లో, రోజుకి రెండేసి ఆటల చొప్పున పాడాడు. ఏడేళ్లలో ఆరొందలకు పైగా కచేరీలు. పైన ఎల్విస్ పాడుతుంటే కింద కేసినోలో పార్కర్ లక్షల డాలర్లు జూదంలో పోగొట్టేవాడు. విదేశాలకు వెళ్దామని ఎల్విస్ అడిగినప్పుడల్లా భద్రత చాలదనో, సరైన స్టేడియాల్లేవనో దాటేసేవాడు. అసలు కారణం వేరని జీవితచరిత్రకారులు చాలామంది నమ్ముతారు. కాగితాల్లేకుండా వచ్చిన పార్కర్‌కి అమెరికా పాస్‌పోర్టు లేదు. బయటికెళ్తే తిరిగి రానిస్తారో లేదోనన్న భయం. తను లేకుండా ఎల్విస్‌ని ఒంటరిగా పంపిస్తే, తన అవసరం లేదని తెలిసిపోతుందని ఇంకో భయం. చివరికి 1973 జనవరిలో హోనలులు నుంచి ఉపగ్రహం ద్వారా కచేరీ ప్రసారం చేశారు. పాట దేశాలు దాటింది. మనిషి దాటలేదు.

అదే ఏడాది మార్చిలో, అప్పటిదాకా పాడిన పాటలన్నిటి మీదా రాబోయే రాయల్టీ హక్కుల్ని ఆర్‌సీఏకి 54 లక్షల డాలర్లకు అమ్మేశారు. అందులోనూ సగం పార్కర్‌దే. తరతరాలు తినాల్సిన పంటని పొలంతో సహా అమ్మేసినట్టయింది.

1973లోనే ఓ రాత్రి ఇద్దరికీ పెద్ద గొడవైంది. 'నువ్వు నాకొద్దు' అనేశాడు ఎల్విస్. సరేనన్న పార్కర్, తనకు రావాల్సిన బాకీలంటూ ఓ చాంతాడంత బిల్లు పంపాడు. తండ్రీకొడుకులు దాన్ని చూసి గుడ్లు తేలేశారు. అంత డబ్బు ఎక్కడుంది? కొద్దిరోజులకే రాజీ. మళ్లీ అదే బండి, అదే కాడి.

పార్కర్ ఒక్కడినే తప్పుపట్టడమూ సరికాదు. ఎల్విస్ లెక్కలు చూసుకునే మనిషి కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా కార్లు కొనిచ్చేవాడు. డాక్టర్లు రాసిచ్చే మందులకు బానిసయ్యాడు. 1977 ఆగస్టు 16న గ్రేస్‌లాండ్‌లో కన్నుమూసేనాటికి అతని వయసు 42. కూతురు లీసా మేరీకి తొమ్మిదేళ్లు.

ఆ పాప ఆస్తికోసమే విషయం కోర్టు దాకా వెళ్లింది. 1980లో మెంఫిస్ కోర్టు ఆమె తరఫున ఓ లాయర్ని నియమించింది. అతను లెక్కలు తవ్వితే బయటపడిన నిజం... సగం కమిషన్ అన్నది న్యాయం కాదు, దోపిడీ! ఇక అతనికి చెల్లింపులు ఆపి, దావా వెయ్యమని కోర్టు 1981లో ఆదేశించింది. అప్పుడు పార్కర్ చేసిన వాదన వింటే ఆశ్చర్యం వేస్తుంది. తాను ఏ దేశ పౌరుణ్నీ కాదు కాబట్టి తనమీద దావా చెల్లదన్నాడు. జీవితమంతా దాచిన రహస్యాన్నే చివరికి అడ్డం పెట్టుకున్నాడు. 1983లో వ్యవహారం కోర్టు బయట పరిష్కారమైంది. పార్కర్ 1997లో, లాస్ వేగస్‌లో చనిపోయాడు.

చేయిపట్టి పైకి తెచ్చినవాళ్లని మరిచిపోకూడదు. నిజమే. అలాగని లెక్క అడగడం కృతఘ్నత అయిపోదు. ఎల్విస్ ఆ రెంటికీ తేడా తెలుసుకోలేకపోయాడు. లెక్క అడిగే పని తొమ్మిదేళ్ల కూతురికి మిగిల్చి వెళ్లాడు.

కోర్టు జోక్యం చేసుకున్నాక, 1982 జూన్‌లో గ్రేస్‌లాండ్ తలుపులు జనం కోసం తెరిచారు. ఆ ఇంటిని చూడ్డానికి ఏటా లక్షలమంది వస్తారు. వాళ్లలో బ్రిటన్ వాళ్లుంటారు, జపాన్ వాళ్లుంటారు. అతను వెళ్లలేకపోయిన దేశాలే అతని గుమ్మం ముందు వరసలో నిలబడుతున్నాయి.