వినేవాళ్లూ జవాబు చెప్పాలి: విశాఖ పౌరుల ప్రణాళిక

మేం ఉక్కు కార్మికులం, పోర్టు కూలీలం, టీచర్లం, ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లం. ఈ ఊరికి ఏదీ అడక్కుండా రాలేదు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం రోడ్డెక్కితే రాష్ట్రవ్యాప్తంగా 32 మంది పోలీసు కాల్పులకు బలయ్యారు. 2021 జనవరి 27న కేంద్రం ఆ ఫ్యాక్టరీని నూరు శాతం అమ్మేందుకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక కూర్మన్నపాలెంలో నిరసన శిబిరం వెలిసింది. అడిగే హక్కు మా పెద్దలు ప్రాణాలు పెట్టి ఇచ్చింది. దాన్ని నిఘాకు అప్పగించం.

కాంట్రాక్టు కార్మికుడు లాఠీకన్నా ఫొటోకు ఎక్కువ జడుస్తాడు. శిబిరంలో కూర్చున్న ఫొటో కాంట్రాక్టరుకు చేరితే మర్నాడు గేట్ పాస్ ఉండదేమోనని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు. కొన్నాళ్లకు రావడమే మానేస్తాడు. ఎవరూ నిషేధించకుండానే సభ పలచబడుతుంది.

2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన గ్యాస్‌కు 12 మంది చనిపోయారు. ఆ విషయమై ఫేస్‌బుక్‌లో ప్రశ్నించిన గుంటూరు పెద్దావిడ మీద సీఐడీ కేసు పెట్టింది. అది చూసి ఇంకెందరు నోరు కట్టేసుకున్నారో!

నిఘాయే వద్దని, నేరగాళ్లను వదిలేయమని మేం అనడం లేదు. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో బతుకుతున్నాం, దేశ భద్రత విలువ తెలుసు. మా అభ్యంతరమల్లా ఒక్కటే. రాష్ట్రంలో ఎవరి ఫోనైనా రహస్యంగా వినమని ఆర్డరిచ్చేది హోం కార్యదర్శి. అది సబబేనా అని చూసే కమిటీకి అధ్యక్షుడు ప్రధాన కార్యదర్శి. ఇద్దరూ ఒకే ప్రభుత్వ అధికారులు. మధ్యలో న్యాయమూర్తి లేడు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చినా ఈ పద్ధతి మారలేదు. పక్కన తెలంగాణలో 2024లో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారులే అరెస్టయ్యారు, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది వాళ్లమీద అభియోగం.

అందుకే న్యాయమూర్తి అనుమతి లేకుండా ఎవరి ఫోనూ వినకూడదంటున్నాం. విన్నాక తప్పేమీ దొరక్కపోతే ఆ సంగతి ఆ మనిషికి తెలియజేయాలి. ఎందరి ఫోన్లు విన్నారో ఏటా శాసనసభకు లెక్క చెప్పాలి. గద్దె మీద ఏ పార్టీ ఉన్నా మా మాట ఇదే.

ఇక మా వంతుగా, మా సభల్లో ఎవరైనా వీడియో తీస్తుంటే పేరు, హోదా, ఎవరు పంపారో నిలబెట్టి, మర్యాదగానే అడుగుతాం. పోలీసు నోటీసు అందిన సభ్యుణ్ని ఒంటరిగా స్టేషన్‌కు పంపం, వకీలుతో కలిసి వెళ్తాం. సభ్యత్వానికి ఆధార్ అడగం, ఫోన్ నంబరు రాసుకోం. భయమున్నవాళ్లు పేరు కూడా చెప్పనక్కర్లేదు, సమావేశంలో వాళ్ల ఓటు మిగతావాళ్ల ఓటుతో సమానం.