వెబ్‌స్టర్ అంటే ఎవరు?

ఇంట్లో లావుపాటి ఇంగ్లిషు డిక్షనరీ ఉంటే ఒకసారి అట్ట చూడండి. చాలావాటి మీద ‘వెబ్‌స్టర్’ అని ఉంటుంది. డిక్షనరీకే అది ఇంకో పేరేమో అనుకునేవాళ్ళూ ఉన్నారు. నిజానికి అది ఒక పెద్దమనిషి ఇంటిపేరు. అమెరికా ఇంగ్లిషుకు 1828లో పెద్ద నిఘంటువు కూర్చిన నోవా వెబ్‌స్టర్ ఆయన. ఇంటిపేరు కాకముందు అదొక మామూలు మాట. వెబ్‌స్టర్ అంటే బట్ట నేసే మనిషి. సిరిసిల్ల వాళ్ళకు దగ్గరి చుట్టమే అన్నమాట!

స్పెల్లింగుతో పేచీ లేదు. డబ్ల్యు, ఇ, బి, ఆ తర్వాత ఎస్, టి, ఇ, ఆర్. రాసినట్టే పలకాలి. మన ఊళ్ళకు ఆ అదృష్టం లేదు. జగిత్యాలను ఇంగ్లిషులో రాస్తే కొత్తవాళ్ళు ‘జగ్టియల్’ అని చదువుతారు. సిరిసిల్ల ‘సిర్సిల్ల’ అవుతుంది. కోరుట్ల కొన్ని కాగితాల్లో ‘కొరట్ల’గా కనిపిస్తుంది.

ఇక అర్థం. ‘వెబ్’ అంటే నేసిన బట్ట. సాలెగూటిని ఇంగ్లిషువాళ్ళు వెబ్ అనేది అందుకే. మనకూ అంతేగా! సాలె అంటే నేతగాడు, నేసే పురుగు సాలెపురుగు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మానేరు ఒడ్డు! ఇద్దరికీ ఒకే పోలిక తట్టింది.

అసలు కథ ‘స్టర్’లో ఉంది. పాత ఇంగ్లిషులో ఇది ఎక్కువగా ఆడవాళ్ళ పనిని చెప్పేది. నేసే మగవాడు ‘వెబ్బ’, నేసే ఆడమనిషి ‘వెబ్బెస్ట్రె’. అదే వెబ్‌స్టర్ అయింది. రొట్టెలు కాల్చే ఆమె పేరు బాక్‌స్టర్‌గా మారింది. నూలు వడికే ఆమె స్పిన్‌స్టర్. పోనుపోను వెబ్‌స్టర్‌ను మగవాళ్ళకూ వాడారు. ఆ తర్వాత అది ఇంటిపేరై తండ్రి నుంచి కొడుక్కి పోయింది. స్పిన్‌స్టర్ గతి ఇంకా అన్యాయం. 17వ శతాబ్దానికి చట్టం కాగితాల్లో ‘పెళ్ళికాని స్త్రీ’ అన్న అర్థం స్థిరపడింది, తర్వాత ఎగతాళి మాటయింది. ఇంగ్లండు పెళ్ళి రిజిస్టర్లలోంచి దాన్ని 2005లో తీసేశారు. చేతిలోని పనిని చెప్పిన మాట, మెడలో తాళి ఉందో లేదో చెప్పే మాటయిందన్నమాట.

మనం మాత్రం తక్కువ తిన్నామా? చేనేత ఇళ్ళలో నూలు తోడి, కండెలు చుట్టి, ఆసు పోసేది చాలావరకు ఆడవాళ్ళే. ‘ఆసులో కండెలా తిరుగుతోంది’ అని సామెతలో ఆ పనిని దాచుకున్నాం గానీ, నేతగాడు అన్నంత తేలిగ్గా ఆమెకో పేరు నోటికి రాదు. సిరిసిల్లలో సాంచాలు వచ్చాక కూడా కండెలు చుట్టే చేతుల్లో ఆడవాళ్ళవి ఎన్నో. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఏ ఊరికి పోయినా చాటలు ముందు పెట్టుకుని బీడీలు చేసే అమ్మలు కనిపిస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, వెయ్యి బీడీల లెక్కన కూలి తెచ్చుకుంటారు. అయినా ‘మీ అమ్మ ఏం చేస్తది?’ అంటే, ‘ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది’ అనడం మనకు అలవాటు.

పిల్లల బడి ఫారంలో ‘తల్లి వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. ఈసారి అందులో ‘గృహిణి’ అని రాసేముందు కాస్త ఆగండి. ఆమెనే అడిగి, ఆమె చేసే పని పేరు కూడా రాయండి.