పేరు వద్దు... ప్రశ్న చాలు!

పదో తరగతి జవాబు పత్రం మీద పేరు రాయకూడదు. దిద్దే మాస్టారికి అది ఎవరి పేపరో తెలియకూడదు. మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన నియమమే ఇది. హబుల్ టెలిస్కోపు దగ్గర మాత్రం ఈ చిన్న కిటుకు అమల్లోకి రావడానికి 2018 దాకా పట్టింది!

భూమికి దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే హబుల్‌తో ఎవరైనా పరిశోధన చేయాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. 'ఫలానా నక్షత్రాన్ని ఫలానా కారణంతో చూడాలి, ఇన్ని చుట్లు కావాలి' అని. చుట్టు అంటే హబుల్ భూమిని ఒకసారి చుట్టి రావడమన్నమాట. దానికి 95 నిమిషాలు పడుతుంది. బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఈ దరఖాస్తులను తోటి ఖగోళ శాస్త్రవేత్తల ముందు పెడుతుంది. వచ్చేవి బోలెడు, నెగ్గేవి కొన్నే. అమెరికా పరిశోధకులకైతే సమయంతోపాటు నిధులూ వస్తాయి. విద్యార్థుల భృతి, పరిశోధన పత్రం, రేపటి ఉద్యోగం... అన్నీ దాంతోనే ముడిపడి ఉంటాయి. రాకపోతే మళ్లీ ఏడాది ఎదురుచూపే.

2001 నుంచి లెక్కలు తీసి చూస్తే ఒక విషయం తేలింది. దాదాపు ప్రతిసారీ మగవాళ్ల దరఖాస్తులే ఎక్కువ శాతం నెగ్గాయి. తేడా చిన్నదే, కానీ పోనంటోంది. మొదట పేరును లోపలి పేజీకి మార్చారు. తర్వాత ఇంటిపేరు ఉంచి, అసలు పేరును పొడి అక్షరాలకు కుదించారు. అబ్బే, లాభం లేకపోయింది.

చివరికి 2018లో పేర్లు పూర్తిగా తీసేశారు. 'గతంలో మేం కనుగొన్నట్టు' అని రాయడం కూడా కుదరదు. సొంత పరిశోధననే ఎవరో పరాయివాళ్లు చేసినట్టు చెప్పాలి. పేరు మోసిన వాళ్లకు ఇదెంత కష్టమో ఊహించుకోవచ్చు! దరఖాస్తులు చూసేవాళ్ల చర్చ 'ఎవరై ఉంటారబ్బా' అనే వైపు మళ్లితే ఆపడానికి గదిలో ప్రత్యేకంగా ఓ మనిషిని కూర్చోబెట్టారు. దాంతో 'ఆయనా... గట్టివాడే' లాంటి మాటలకు చోటు లేకుండా పోయింది. ఆ ఏడాది మహిళల దరఖాస్తుల్లో 8.7 శాతం, పురుషుల వాటిలో 8 శాతం నెగ్గాయి. లెక్కలు చూసినంతలో మహిళలది పైచేయి కావడం అదే మొదటిసారి. ఒక్క ఏడాది అంకెతో అంతా తేలిపోయిందనలేం. కానీ అంతకుముందు ఎప్పుడూ సమయం దక్కని కొత్తవాళ్లకూ ఆసారి చోటు దొరికింది. అసలు విశేషం అదేనేమో.

2021 డిసెంబరు 25న నింగికెగిరిన జేమ్స్ వెబ్‌కు మొదటి నుంచీ ఇదే పద్ధతి పెట్టారు. దాని నాలుగో విడతకు 2024 అక్టోబరులో 2,377 దరఖాస్తులు వచ్చాయి. అడిగిన సమయం దాదాపు 78,000 గంటలు. ఏడాదికి ఉండేది 8,760 గంటలే మరి! తొమ్మిదేళ్ల పనిని ఒక్క ఏడాదిలో చేయమన్నట్టు. ఆ దరఖాస్తులు ముందేసుకుని కూర్చున్నవాళ్లకు ఒక్కదాని మీదా పేరు కనపడలేదు.