పాత కారు లాగడం లేదా? తప్పంతా పెట్రోలుది కాదు

పట్నంలో పది పదిహేనేళ్లు తిరిగిన కారు చివరకు పల్లెకు చేరుతోంది. ఆసుపత్రికైనా పెళ్లికైనా చాలా కుటుంబాలకు అదే ఆధారం. నిన్నటిదాకా ఐదుగురితో గట్టు ఎక్కిన బండి ఇవాళ రెండో గేరులోనూ మూలుగుతుంటే యజమానికి రెండు మాటలు వినిపిస్తున్నాయి. ‘ఈ కొత్త పెట్రోలు వల్లే’ అన్నది ఒకటి. ‘ఇంజను దించాల్సిందే’ అన్నది మరొకటి. మొదటిది నమ్మి ఊరుకుంటే అసలు జబ్బు ముదురుతుంది. రెండోది నమ్మితే వేలకు వేలు వదులుతాయి.

పెట్రోలు వాటా ఎంత?

2014లో దేశంలో అమ్మిన పెట్రోలులో ఇథనాల్ సగటున ఒకటిన్నర శాతమే. 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసే ఇథనాల్ వల్ల చమురు దిగుమతులు తగ్గుతాయని, రైతు పంటకు గిరాకీ వస్తుందని ప్రభుత్వం చెబుతోంది. పాత బండ్లు దెబ్బతింటున్నాయని వాహనదారులు అంటున్నారు. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అమ్మాలని కోరిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

లెక్క చూస్తే విషయం తేలికే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్న దానిలో సుమారు మూడింట రెండు వంతులు. ఐదో వంతు ఇథనాల్ కలిస్తే మొత్తం మీద తగ్గేది నూటికి ఆరేడు పాళ్లు. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారైన పాత కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదిక కూడా అంచనా వేసింది. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చిన కారు 15 ఇస్తే అది పెట్రోలు లోటు. పదికి పడిపోతే, ఎత్తు ఎక్కలేకపోతే లోపం వేరేచోట ఉన్నట్టే.

ఇథనాల్ చాటుగా చేసే పని మాత్రం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని అది కదిలిస్తుంది. ఆ మడ్డి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది గనుక నెలల తరబడి కదలని బండికి ముప్పు ఎక్కువ. పాత రబ్బరు పైపులు త్వరగా పాడుకావచ్చు. కార్బొరేటర్ బండిలో గాలి పాలు ఎక్కువై పికప్ తగ్గుతుంది. నడుస్తుండగా చోక్ కొద్దిగా లాగితే బండి చురుకైతే ఇంధనం చాలడం లేదని అర్థం. అప్పుడు కార్బొరేటర్ జెట్లు శుభ్రం చేయించి, సెట్టింగ్ చూపించుకోవాలి.

వెతికే వరుస

ముందు ఇంజను జోలికి పోకూడదు. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందన్నమాట. కొంతదూరం నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర వేడి మిగతా వాటికన్నా బాగా ఎక్కువగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు. ఈ రెండింటిలోనూ ఇంజను తప్పు లేదు.

తర్వాత ఎయిర్ ఫిల్టరు. మట్టిరోడ్ల మీద, కోతల కాలపు దుమ్ములో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు సరిపోదు. ఆపైన పెట్రోలు ఫిల్టరు. నిలకడగా ఉన్నప్పుడు బాగా తిరిగి, ఎత్తులోనూ బరువుతోనూ చతికిలపడితే ముందుగా అనుమానించాల్సింది పెట్రోలు సరఫరానే.

బండి మిస్ కొడుతుంటే ప్లగ్గులు విప్పాలి. కొన గోధుమరంగులో ఉంటే మంచిది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే గాలి ఎక్కువ, నూనె జిడ్డు ఉంటే లోపల అరుగుదల. మారుతీ 800కు ఉన్నవి మూడే సిలిండర్లు. ఒక ప్లగ్గు పనిచేయకపోయినా మూడో వంతు బలం పోయినట్టే. దానికి కావలసింది కొత్త ప్లగ్గు, ఇంజను మరమ్మతు కాదు.

చివరి మాట కంప్రెషన్‌ది

ఇవన్నీ సరిగా ఉండి, ట్యాపెట్లు, టైమింగ్, సైలెన్సర్ కూడా చూశాకనే కంప్రెషన్ మీటరు పెట్టించాలి. ఒక సిలిండర్ రీడింగ్ మిగతా వాటికన్నా బాగా తక్కువ వస్తే ఆ ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఈ పరీక్ష చేయకుండా ఇంజను దించాలనే మెకానిక్‌ను ‘రీడింగ్ ఎంత వచ్చింది?’ అని అడగడం యజమాని హక్కు.

బంకు మీద అనుమానం ఉంటే అక్కడే ఫిల్టరు కాగితం పరీక్ష, సాంద్రత కొలత, ఐదు లీటర్ల కొలపాత్రతో తనిఖీ కోరవచ్చు. అవి చూపడం బంకు బాధ్యత. పల్లెల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ, అడిగేవారు ఇంకా తక్కువ.

ఇథనాల్ వల్ల రైతుకు మేలెంత, వాహనదారుకు నష్టమెంత అన్న వాదన సాగుతూనే ఉంటుంది. ఈలోగా వందల్లో పోయే ఫిల్టరును వదిలి, వేలు పోసి ఇంజను విప్పించుకోవడం మాత్రం ఎవరూ చేయించే నష్టం కాదు. తొందరపాటు వల్ల చేజేతులా తెచ్చుకునేది.