మేఘములలోని గాదె



మొన్న వినాయకుని గుడినుండి మరలి వచ్చుచు మా పొరుగు వదినగారు మా యరుగుమీద కూర్చుండి, "మావాడు హైదరాబాదులో రాత్రిపూట ఫోను మ్రోగగానే నిద్ర లేచి కంప్యూటరు ముందు కూర్చుంటాడట. క్లౌడులో డేటాబేసును కాస్తున్నానంటాడు. మబ్బుల్లో కాయడానికేముంది వదినా?" అని వాపోయిరి. ఇట్టి సందేహము మరికొందరు తల్లులకును కలుగవచ్చునని యీ నెల దానిని గూర్చియే వ్రాయుచున్నాను.

క్లౌడు ఆకాశమున లేదు. అన్యులు భూమిమీద నెలకొల్పిన గొప్ప యంత్రశాలలను మనము అద్దెకు గైకొనుటయే దాని యర్థము. అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున నట్టి శాలలను మూడు వేరువేరు మండలములుగా తెరచినది. ఒకచోట విద్యుత్తు పోయినను తక్కినవి నిలుచుటకే యీ యేర్పాటు. 1996 నవంబరు తుపానును చూచిన కోనసీమవారికి సర్వస్వమును ఒక్క కప్పు క్రింద నుంచరాదని వేరుగ చెప్పనక్కరలేదు. అయినను రెండవచోట ప్రతి నుంచుమని యజమాని కోరవలయును. కోరనిదే యది జరుగకపోవచ్చును.

కొబ్బరికాయల వర్తకుడు ఏనాటి బేరము నానాడు చిట్టాలో వ్రాయును. డేటాబేసు అట్టిది. పదియేండ్లలో ఏ నెల ధర హెచ్చుగ నుండెనో తెలియగోరి యా చిట్టానే తిరుగవేయుచున్నచో నాటి బేరము ఆగిపోవును. కావున లెక్కల ప్రతులన్నియు వేరొక కొట్టులో చేర్తురు. అదియే డేటా వేర్‌హౌసు. అందు ధరల వరుస వేరు, కాయల సంఖ్య వేరుగ నుండును. ధర నడిగినచో ధరల వరుసనే చదువును. గూగులువారి బిగ్‌క్వెరీ యిట్టిదే. చదివిన మేరకు రుసుము చెల్లించు పద్ధతి యందు కలదు గనుక, ఆలోచింపక "అన్నియు చూపుము" అనినచో ఖర్చు పెరుగును.

యంత్రమును బాగుచేయుట, ప్రతులు తీయుట మున్నగు పనులను అద్దెకిచ్చినవారే చూచు పద్ధతియు నున్నది. అమెజాను 2009లో నట్టి దానిని ప్రారంభించినది. అంతమాత్రమున యజమాని నిద్రింపరాదు. పాలేరున్నను రైతు గట్టుమీద నడచి వచ్చును గదా! చోటెంత మిగిలినది, యంత్రముపై భారమెంత, ప్రతి వెనుకబడినదా యని చూచుచుండవలయును. హద్దు మీరగనే ఫోను మ్రోగునట్లు అమర్తురు. ఊరక మ్రోగించుటయు తగదు. అనుదినము అకారణముగ మొరుగు కుక్కను దొంగ వచ్చిననాడు నెవరును లక్ష్యపెట్టరు.

2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబు సంస్థలో నొక ఉద్యోగి, రాత్రి ప్రొద్దుపోయిన వేళ, ఒక యంత్రమనుకొని మరియొకదానిలోని డేటాను తుడిచివేసెను. అది వారు స్వయముగ నడపుకొనుచున్న డేటాబేసు. దాచిన ప్రతికై చూడగా, ప్రతిదినము జరుగవలసిన ప్రతి కొంతకాలముగ జరుగనే లేదు. జరుగలేదని తెలుపు ఉత్తరములును చేరలేదు. వేరొక పనికై ఆరుగంటల ముందు తీసిన ప్రతి యుండుటచే చాలవరకు దక్కినది. నడుమ వ్రాతలు పోయినవి. వారు ఈ లోపమును దాచక లోకమునకు తెలిపిరి.

జాడీకి వాసెన కట్టినంతనే ఆవకాయ నిలిచినదని మనము నమ్ముదుమా? మూడవనాడు తీసి తిరుగగలిపి, రుచి చూచి, ఉప్పు చాలదేని చేర్తుము. దాచిన ప్రతిని సైతము అప్పుడప్పుడు తెరచి, తిరిగి నిలుపుకొని చూడవలయును. మన ఫోనులోని బిడ్డల చిత్రములకును, పొలము కాగితముల నకళ్లకును ఇదియే న్యాయము.

వదినగారితో నేనిట్లంటిని: "మీవాడు కాచునది నలుగురి లెక్కలు, అది తక్కువ పని కాదు. కాని అలసిన కన్ను పొరబడును. రాత్రి కాపలాకు వంతులున్నవా యని యడుగుడు. దాచిన ప్రతిని తెరచి చూచి ఎన్నాళ్లయినదో కూడ నడుగుడు."

ఆమె ఆ సాయంకాలమే ఫోను చేసిరి. మొదటి ప్రశ్నకు కుమారుడు వెంటనే బదులు చెప్పెనట. రెండవదానికి, "రేపు చూచి చెప్పెదనమ్మా" అనెనట.