నోరు పలకకపోతే అమ్మని నిలదీస్తారా?

పలాస నుంచి గజపతినగరం దాకా ఏ ఊరికైనా వెళ్ళండి. మూడేళ్ళు నిండినా మాట రాని పిల్లాడు ఇంట్లో ఉంటే నేరం ముందుగా పడేది తల్లి మీదే. "తల్లి పలకరించకపోతే గుంటడికి మాటెలాగొస్తాది?" అంటారు. ఫోను చేతికిచ్చి కూకోబెట్టేసిందంటారు. వస కొమ్ము అరగదీసి వాడి నాలుకకు రాస్తారు, తాయెత్తు కడతారు, పైడితల్లికి మొక్కుకుంటారు. జాతరలో డప్పు మోగగానే రెండు చెవులూ మూసుకుని అమ్మ చెంగులో దూరిపోయే బిడ్డని పెంకివాడని తేల్చేస్తారు. ఆ డప్పు వాడి చెవికి ఎంత బాధో అడిగే నాథుడు లేడు. అది ఆటిజం కావచ్చన్న ఆలోచనే ఎవరికీ రాదు.

ఈ నిందకు ముద్ర వేసింది పెద్ద చదువులవాళ్ళే. తల్లులు ప్రేమగా దగ్గరకు తీసుకోకపోవడమే ఆటిజానికి కారణమని 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకమే రాశాడు. అప్పటికి మూడేళ్ళ ముందే, తన బిడ్డకే ఆటిజం ఉన్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్, ఇది మెదడుకు సంబంధించిన సంగతి అని చాటిచెప్పాడు. అరవై ఏళ్ళు దాటిపోయింది. ఆ కబురు సిక్కోలుకి ఇంకా చేరలేదు!

మాథ్యూ బెల్మాంటే అనే పరిశోధకుడు నాకు ముఖ్యుడైంది ఇందుకే. తోడబుట్టినవాడికి ఆటిజం. తాను మెదడు శాస్త్రంలో దిగాడు. ఆటిజంలో మెదడు భాగాల మధ్య అనుసంధానం వేరుగా రూపుదిద్దుకుంటుందని 2004లో సహచరులతో కలిసి రాశాడు. అక్కడే ఉండిపోతే ప్రయోగశాలలో ఇంకో పెద్ద పేరు అయ్యేవాడు. కానీ బెంగళూరు వచ్చి, అక్కడ ప్రతిభా కారంత్ నెలకొల్పిన కామ్ డీల్ ట్రస్టుతో కలిసి పనిచేశాడు. ఆ బృందం ఆటిజం ఉన్న ఆరేళ్ళలోపు పిల్లలు 31 మందిని నెలల తరబడి పరిశీలించి 2013లో ఒక పత్రం ప్రచురించింది. మూడో వంతు పిల్లల్లో, మాట అర్థం చేసుకోవడం కంటే పలకడం మరీ వెనకబడి ఉంది. నోటి కదలికలూ అంతే. లోపల తెలుస్తోంది, పెదవీ నాలుకా సహకరించడం లేదు. ఆ పిల్లల తల్లులని ఇన్నాళ్ళూ ఏమన్నారో గుర్తు తెచ్చుకోండి. ఆ బృందం ఈ పిల్లలను పోల్చి చూసింది కూడా ఎక్కడివాళ్ళతోనో కాదు. అదే వయసు, అదే వాతావరణం, అదే ఆర్థిక స్థితి ఉన్న 360 మంది పిల్లలతో పోల్చారు.

మన పిల్లలకి అలాంటి కొలత ఎవరు కట్టారు? పిల్లల ఎదుగుదల లోపాల మీద 2018లో వెలువడిన పెద్ద సర్వే పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్‌లలో జరిగింది. ఉత్తరాంధ్ర ఊసే లేదు. ఉద్దానంలో కిడ్నీలు పాడై జనం రాలిపోతుంటేనే పలాసలో ఆసుపత్రి లేవడానికి 2023 దాకా పట్టింది. ప్రాణం తీయని ఆటిజం ఇంకెవరికి పడుతుంది?

ఆటిజం ఉన్నవాళ్ళకి వికలాంగ ధ్రువపత్రం ఇవ్వడం కోసం వాడే నలభై అంశాల కొలబద్ద సికింద్రాబాద్‌లో తయారైంది. మంచిదే. బిడ్డ కళ్ళలోకి చూస్తాడా లేదా అన్నది అందులో ఒక అంశం. పెద్దవాళ్ళ ముందు కళ్ళెత్తకురా అని నేర్పే ఇంట్లో పెరిగినవాడి చూపును అంచనా వేయాలంటే ఆ ఇల్లు తెలిసి ఉండాలి. సీతంపేట కొండల్లో సవర తప్ప మరో మాట విననివాడిని తెలుగులో పిలిచి, పలకలేదని కాగితం మీద రాసుకోవడం ఏ శాస్త్రం? పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పుకునే గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించాడు. అది నా శాఖ కాదని చేతులు కట్టుకు కూర్చోలేదు. ఆయన పుట్టిన నేల మీద ఇవాళ శాఖలు వేరంటూ తప్పించుకోవడానికి సిగ్గుండాలి.

శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల నుంచి ఎచ్చెర్ల విశ్వవిద్యాలయానికి ఆటోలో పోవచ్చు. అక్కడొక గైడు, ఇక్కడొక గైడు, మధ్యలో ఒక పరిశోధక విద్యార్థి ఉండాలి. మెదడు గురించీ చదవాలి, ఊళ్ళోనూ కాపురం పెట్టాలి. చేపల వేటకి పోయేవాళ్ళ పిల్లలు, జీడి బట్టీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, సవర పిల్లలు ఏ వయసులో ఏం పలుకుతారో ముందు లెక్క తేల్చాలి. తల్లులను నిందితులుగా నిలబెట్టకుండా తోటి పరిశోధకులుగా కూర్చోబెట్టాలి. పత్రం మీద వాళ్ళ పేర్లు పడాలి. బట్టీ మానేసి వచ్చిన ప్రతి రోజుకీ పూర్తి కూలి చెల్లించాలి.